విండోసు లేని ఇంట విండోసు పని

క్రిందటి మాసమున ఊరగాయ జాడీలను గూర్చి ముచ్చటించిన నేను ఈ మాసమున కంప్యూటరును గూర్చి వ్రాయుట చూచి మీలో కొందఱు నవ్వుకొందురేమో! నవ్వుడు, కాని కడదాక చదువుడు. మా యింట నొక పుస్తకము పదునాలుగేండ్లు చెఱలో నుండి ఈ నడుమనే వెలుపలికి వచ్చినది. దానిని విడిపించుటకు మేము పడిన పాట్లే ఈ వ్రాత. ఇట్టి చెఱలు మఱికొన్ని యిండ్లలోను ఉండవచ్చునని తోచి వ్రాయుచున్నాను.

మా అత్తగారి పుట్టినిల్లు కొల్లేటిలోని యొక లంక గ్రామము. ఆమె బాల్యమున తాటిదోనె నెక్కియే సంతకును, చుట్టాలిండ్లకును, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకును పోయెడివారట. ఆ దోనెలలోను, ఆ వాకిళ్లలోను విన్న పాటలను, దంపుళ్ల పాటలు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, ఏవి దొరకిన నవి, నలువది యేండ్లపాటు నోటుపుస్తకములలో వ్రాసి పెట్టుకొనిరి. పాడిన ముసలమ్మలలో ఇప్పుడొక్కరును లేరు. పాట పుట్టిన నేలయు మాఱిపోయినది. చేపల చెఱువులు నలుగడల క్రమ్మినవి. 1999లో సరస్సును అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చిరి. 2006 నాటికి ఎన్నో చెఱువు గట్లను కొట్టివేసిరి. పిమ్మట కొన్ని మఱల లేచినవి. ఈ సందడిలో దోనె పాటలు ఎవరికి జ్ఞాపకముండును?

2011లో మా మామగారు ఆ నోటుపుస్తకములను ఏలూరిలోని యొక డి.టి.పి. దుకాణమున కిచ్చి రెండువందల పండ్రెండు పుటలుగా కూర్పించిరి. అచ్చునకు పోవుటయే తరువాయిగా ఆయన కాలము చేసిరి. పని యాగిపోయినది. కొన్నాళ్లకు దుకాణము మూతపడినది. నోటుపుస్తకములున్న ట్రంకుపెట్టెకు చెదలు పట్టిన సంగతి మేము చూచునప్పటికి పుటలు పొడియై యున్నవి. మిగిలినది బొటనవ్రేలంత పెన్ డ్రైవొక్కటి. అత్తగారు దానిని దేవుని గూటిలో నుంచిరి. ఆమెకు ఎనుబది దాటినది, చూపు మందగించుచున్నది. "పుస్తకమైన నాడు నా కన్నులుండిన చాలును" అని ఏటేట అనుచుండెడివారు.

మా చిన్న ఆడపడుచు తాడేపల్లిగూడెమున నుండును. శుభలేఖలు, శతకములు, బడుల వార్షిక సంచికలు ఇంటనుండియే కూర్చి యిచ్చుచు నాలుగు డబ్బులు గడించుకొనుచున్నది. ఆమె పాత కంప్యూటరు క్రిందటి వానకాలమున మూలబడగా, విదేశమున నున్న మా మఱది తాను వాడిన ఆపిల్ లాపుటాపును పంపించినాడు. వెండి పళ్లెమువలె తళతళలాడుచున్నది. ఇక అత్తగారి పుస్తకమును తానే ముగించెదనని ఆడపడుచు ఉత్సాహముతో వచ్చి, పెన్ డ్రైవును తగిలించినది. ఆ ఫైలును తెఱచు సాధనమే ఆ యంత్రమున లేదు. మఱియొక రీతిని బలవంతముగా తెఱువగా, తెలుగక్షరమునకు మాఱుగా ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, కొక్కెములు చీమలబారువలె కనబడినవి. "వదినా, అమ్మ పాటలు పోయినవి" అని ఆమె తెల్లబోయినది. నేను మాత్రము అత్తగారికి ఆ దినమున ఏమియు చెప్పలేదు.

ఇందు జరిగిన దేమో మీకు చెప్పవలెను. మన తెలుగు నాట పుస్తకములు కూర్చువారిలో మిక్కిలి మంది పేజ్‌మేకర్ అను సాఫ్టువేరును, దానితోపాటు అను మొదలగు ఫాంట్లను ఏండ్ల తరబడి వాడినారు; నేటికిని వాడుచున్నారు. పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ అను సంస్థ తెచ్చినది. 1994లో ఆ సంస్థ అడోబీలో కలిసినది. 2001లో వచ్చిన ఏడవ కూర్పే కడపటిది. 2004లో దానిని మెఱుగుపఱచుట మానివేసిరి. కన్నవారు విడిచిన బిడ్డను మన అచ్చుకూటములు ఇరువదియేండ్లకు పైబడి సాకుచున్నవన్నమాట. ఇక ఆ కాలపు తెలుగు ఫాంట్ల మర్మమేమనగా, అవి ఇంగ్లీషక్షరముల పీటలపై మన అక్షరముల ముక్కలను కూర్చుండబెట్టినవి. తలకట్టొక పీట, గుడియొక పీట, ఒత్తొక పీట. ఆ ఫాంటున్న చోట ముక్కలన్నియు కలిసి తెలుగుగా కనబడును. లేనిచోట క్రింది పీటలు మాత్రమే కనబడును. మేము చూచిన చీమలబారు అదియే. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పుననే తెలుగునకు ప్రత్యేక స్థానము లేర్పడినవి. ఆ పద్ధతిలో 'క' యనగా ఏ యంత్రమునందైనను 'క'యే. కాని అచ్చుకూటముల అలవాటు ఒక్కనాటితో మాఱునది కాదు.

సరే, యంత్రము మాట. ఆపిల్ లాపుటాపులలో 2006 మొదలు ఇంటెల్ వారి చిప్పు లుండెడివి. ఆ కాలమున బూట్ క్యాంప్ అను ఏర్పాటుచే అదే యంత్రమున విండోసును నిలుపుకొన వీలుండెను. 2019లో వచ్చిన కేటలీనా కూర్పుతో, పాత 32 బిట్ల ప్రోగ్రాములు మాకింట్లో నడచుట మానినవి. 2020 నవంబరు మొదలు ఆపిల్‌వారు తమ సొంత చిప్పు ఎమ్1ను ప్రవేశపెట్టిరి. ఆ జాతి యంత్రములలో బూట్ క్యాంప్ లేదు. ఇది వారి తప్పని నేననను. చిప్పు మాఱిన భాష మాఱును. మా మఱది పంపినది ఈ క్రొత్త జాతిది.

నగరమున నొక దుకాణదారుడు "విండోసు వేసి యిచ్చెదను, అన్నియు నడచును" అని రొక్కము తీసికొని, పది దినములు త్రిప్పి, ఏమియు చేయక తిరిగి యిచ్చినాడు. రొక్కము మాత్రము తిరిగి రాలేదు. అతని పేరు నేను వ్రాయను. అన్నియు నడచునని చెప్పువానిని నమ్మకుడు. "మా సాఫ్టువేరును మా కన్నుల యెదుట తెఱచి చూపిన పిమ్మటనే సొమ్ము" అనుడు. ఈ యొక్క మాట ముందే అనియుండినచో మాకు రెండు వారములు మిగిలెడివి.

ఆ పిమ్మట మేమిరువురము కూర్చుండి, చదివి, అడిగి తెలిసికొనగా దారులు మూడున్నట్లు తేలినది. కొల్లేటి పోలికలతో చెప్పెదను. ఎద్దులబండి యున్నది, నడుమ ఏరున్నది. బండి నీటిపై నడువదు. దానిని పంటుపైకెక్కించినచో ఎద్దులు కదలక నిలుచును, బండి ఏఱు దాటును. ఆ పంటువంటివి ప్యారలల్స్, వీఎంవేర్ ఫ్యూజన్, యూటీఎం అను సాధనములు. ఇవి ఆపిల్ యంత్రము లోపలనే విండోసునకొక ప్రత్యేకమైన ఇల్లు కట్టియిచ్చును. మా పెద్దలనాటి మడివంటిల్లు జ్ఞాపకమున్నదా? ఇల్లొకటే, ఆ గదిలోని పాత్రలు, నీళ్లు, ఆచారము వేఱు. అట్లే. ప్యారలల్స్‌లో విండోసు 11ను నడుపుటకు 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు వారి సమ్మతి లభించినది. అది వెలయిచ్చి కొనవలసినది. వీఎంవేర్ ఫ్యూజన్‌ను 2024 నవంబరు మొదలు వృత్తిపనులకు సైతము ఉచితముగా విడిచిపెట్టిరి. విండోసు అనుమతి మాత్రము వేఱుగా కొనుక్కొనవలెను; దీనిని మఱచువారు చాలమంది.

రెండవది దుబాసీ దారి. వైన్ అను సాఫ్టువేరు 1993లో లినక్సు కొఱకు మొదలైనది. అది విండోసును నిలుపదు. విండోసు ప్రోగ్రాము అడుగు మాటలను ఇంటి యజమాని భాషలోనికి మార్చి చెప్పును. క్రాస్ఓవర్ అనునది దీని ఆధారముననే ఆపిల్‌పై నడచును. చిన్న ప్రోగ్రాములకు చక్కగా నుండును, పెద్దవానికి దుబాసీ తడబడును. ఆపిల్ యంత్రముపై ఈ దుబాసీకి మఱల రొజెటా యను మఱియొక దుబాసీ తోడు కావలెను. ఆ రొజెటాను మాక్ 27వ కూర్పు దాటిన పిమ్మట చాలవఱకు కుదించెదమని ఆపిల్‌వారు 2025లో ప్రకటించినారు. కావున దీనిపై జీవనము కట్టుకొనుట మంచిది కాదని నా యభిప్రాయము.

మూడవది ఇరుగింటి పొయ్యి. విండోసు యంత్రము వేఱొకచోట నుండును. దాని తెరను మాత్రము మన యంత్రముపై చూచుచు పనిచేయుదుము. ఇంటర్నెట్టు చక్కగా నున్నచోట ఇది సుఖము. వానకాలమున కరెంటును, ఇంటర్నెట్టును ఒకదానితో నొకటి పోటీపడి పోవు మా గ్రామములలో దీని మాట చెప్పనేల!

మేము పంటునే ఎన్నుకొంటిమి. ఆడపడుచు ఫ్యూజన్‌ను దింపి, విండోసు 11ను నిలిపినది. పేజ్‌మేకర్ చిన్న చిన్న అలుకలు చూపి తెఱచుకొన్నది. క్రొత్త చిప్పుపై నడచు విండోసులో పాత ప్రోగ్రాములకు లోపలనే ఒక దుబాసీ యున్నాడు లెండు. ఇద్దఱమును చప్పట్లు చఱచితిమి. కాని ఆమె తెలుగు టైపు చేయు సాఫ్టువేరునకు ఒక చిన్న తాళము కలదు. దానిని యంత్రము ప్రక్కను గ్రుచ్చిననే అది మేలుకొనును. ఎంత గ్రుచ్చినను మేలుకొనలేదు. రెండు రాత్రులు గడచిన మీదట కారణము తెలిసినది. ప్రోగ్రామునకు దుబాసీ దొరకును గాని, తాళము వంటి వస్తువులను నడపు డ్రైవరునకు దొరకడు. డ్రైవరు ఆ చిప్పు భాషలోనే పుట్టి యుండవలెను. మా తాళమునకు అట్టిది లేదు. సోదరీమణులారా, మీ సాఫ్టువేరునకు తాళమున్నచో, లేదా దానికి ప్రత్యేకమైన పాత ప్రింటరో, యంత్రమో తగిలింపవలసి యున్నచో, మొట్టమొదట విచారింపవలసినది ఈ సంగతియే.

ఆడపడుచు కన్నుల నీరు పెట్టుకొన్నది. లాపుటాపును అమ్మివేయుదునన్నది. అప్పుడు మా వారు బడినుండి వచ్చి, కాఫీ త్రాగుచు, "మనకు కావలసినది అమ్మ పాటలా, ఆ సాఫ్టువేరా?" అనిరి. ఆయన ఊరకయే అన్నమాట. నాకు మాత్రము దారి తెలిసినట్లైనది. మేము ఇంతవఱకు పాత్ర కొఱకు పోరాడుచుంటిమి. మాకు కావలసినది పాత్రలోని పాయసము.

లిబ్రెఆఫీస్ అను ఉచిత సాఫ్టువేరు కలదు. ఆపిల్‌పైనను, లినక్సుపైనను, విండోసుపైనను నడచును. 2015లో వచ్చిన 4.4 కూర్పు మొదలు దానిలోని డ్రా అను భాగము పేజ్‌మేకర్ ఫైళ్లను తెఱువగలదు. ఈ సంగతి మా జిల్లాలో డి.టి.పి. చేయువారిలో ఎందఱెఱుగుదురో గాని, మేమడిగిన నలుగురిలో ఒక్కరును ఎఱుగరు. ఆడపడుచు తాను కొన్న ఫాంటును ఆపిల్‌లో చేర్చి ఫైలును తెఱచినది. పుటల అమరిక చెదరినది, బొమ్మలొకటి రెండు పోయినవి, కాని అక్షరములు! మొదటి పుటలో మా మామగారు వ్రాసిన నాలుగు పంక్తుల విన్నపము తెలుగున కనబడినది. అప్పుడు అత్తగారిని పిలిచితిమి.

పిమ్మట ఆ పాఠమును యూనికోడునకు మార్చు పని. ఇందులకు మార్పిడి సాధనములు కలవు. ఫాంటునకు తగిన పట్టికను ఎన్నుకొన్నచో నిమిషములలో మార్చును. మా సాధనము మాత్రము అరసున్నలను మ్రింగినది, బండిఱలను సాధురేఫములుగా చేసినది. ఈ పత్రికలో అరసున్నలు సామాన్యముగా వేయరు. ఈ యొక్క తావున వేయుడని సంపాదకులను వేడుకొనుచున్నాను. ఏఁడు అనగా సంవత్సరము, ఏడు అనగా సంఖ్య. వాఁడి అనగా పదును, వాడి అనగా వసివాడి. తఱి యనగా సమయము, తరి యనగా పడవ. దోనెపాటలలో ఈ కడపటి జంట ఎంత చిక్కు పెట్టునో చెప్పవలెనా? సమయము దాటెనో, పడవ దాటెనో! రెండు వందల పండ్రెండు పుటలు. పాత ఫాంటుతో తెఱచిన ఫైలు ఒక ప్రక్కను, క్రొత్తది ఒక ప్రక్కను పెట్టుకొని నేను రోజునకు ఆఱేసి పుటలు సరిచూచితిని. చిన్ననాడు మా నాయనగారు ఛందస్సు, వ్యాకరణము చెప్పునపుడు "ఇవి నీ కెందులకు పనికివచ్చును?" అని చుట్టాలు అడుగుచుండెడివారు. వారిలో ఒకరిద్దఱు ఇప్పటికిని ఉన్నారు. ఈ పత్రికకు చందాదారులు కూడ.

ఈ పనిలో నున్నప్పుడు నా మేనమామగారి పెట్టెలోని యొక పాత పుస్తకము కంటబడినది. ఏలూరు మంజువాణీ ముద్రాక్షరశాలలో అచ్చైనది. నూఱేండ్లు దాటిన కాగితము, వేలు పెట్టిన విఱుగును. అయినను దానిని తెఱచుటకు నాకు సాఫ్టువేరక్కఱలేకపోయినది. 2011 నాటి మా పుస్తకమునకు ఇంత తంటా. అందుచేత ఇప్పుడు మేము చేసినదేమనగా, పాటల పాఠమును యూనికోడున సాదా అక్షరములుగా ఒక ప్రతి, పి.డి.ఎఫ్.గా ఒక ప్రతి, మూడు తావుల దాచితిమి. కాగితముపై ఒక ప్రతి తీసి దేవుని గూటిలో పెట్టితిమి.

ఆడపడుచు జీవనోపాధి మాట మిగిలినది. అచ్చుకూటములవారు పేజ్‌మేకర్ ఫైలే కావలెనందురని ఆమె భయము. మేము ఏలూరున రెండు కూటములకు పోయి అడిగితిమి. ఫాంట్లు లోపల నిమిడ్చిన పి.డి.ఎఫ్. ఇచ్చినచో తమకు చాలునని ఇద్దఱును అనిరి! ప్లేటు తీయుటకు వారికి కావలసినది అదియేనట. ఇన్నేండ్లు ఎవరును అడుగలేదు గనుక వారును చెప్పలేదు. క్రొత్త పనులను ఆమె ఇప్పుడు ఆపిల్‌పైననే యూనికోడున చేయుచున్నది. పాత ఫైళ్లనే దిద్దవలెనని పట్టుపట్టువారి కొఱకు ఒక వాడిన విండోసు లాపుటాపును కొన్నది. తాళము దానికి గ్రుచ్చియే యుండును. అది విండోసు 10ది. దానికి మైక్రోసాఫ్టువారి సామాన్య సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక ఇంటర్నెట్టు తగిలింపక, పెన్ డ్రైవుతోనే రాకపోకలు జరుపుచున్నది. అదియు ముసలిదే; ఎన్నాళ్లుండునో.

మా పొరుగింటి పిల్లకు తాడేపల్లిగూడెపు జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో సీటు వచ్చినది. చదువు సివిలు ఇంజనీరింగు. తండ్రి ఆపిల్ లాపుటాపు కొందుననగా, ముందు ఆచార్యుల నడుగుడంటిని. ఈటాబ్స్, సాలిడ్‌వర్క్స్, ఆర్క్‌జీఐఎస్ ప్రో వంటివి విండోసుకే తయారైనవి. పటములు గీయుటకు క్యూజీఐఎస్ మాత్రము అన్ని యంత్రములపై నడచును, ఉచితము కూడ. చేపల చెఱువుల లెక్కలు చూచు ఇండ్లలో టాలీ యుండును, అదియు విండోసుదే. పెండ్లికి ముందు గోత్రము లడిగినట్లు, కొనుటకు ముందు ఈ పేరులను ఒక చీటిపై వ్రాసికొని అడుగుట మేలు. ఇంట ఇదివఱకే వేఱుజాతి యంత్రమున్నచో పంటు దారి యున్నది. క్రొత్తగా కొనువారు పంటును నమ్ముకొని కొననేల?

మొన్న ఆదివారము మొదటి ప్రూఫులు వచ్చినవి. అత్తగారు భూతద్దము పట్టుకొని వసారాలో కూర్చుండి, పెదవులు కదుపుచు, నడుమ నడుమ పాడుచు చదివిరి. మధ్యాహ్నమునకు అఱువది యొకటవ పుట చేరిరి. "అమ్మాయీ, ఇటు రా" అని పిలిచిరి. అక్కడ సాధనము చెఱచినదనుకొని నేను శ్రద్ధతో 'తఱి' యని దిద్దిన చోటది. "ఇది పడవయేనే" అనిరి.

దిద్దితిని. ఆ పుట మఱల తీయించవలసి యున్నది.